వేళ్లు మొరాయించాక పెరిగిన స్పీడు

అతన్ని అందరూ మెరుపు అంటారు. ఆ పేరు పెట్టింది జనం కాదు, అతనే పెట్టుకున్నాడు. పెట్టుకుని ఊరుకోకుండా, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే "ఎవర్ని?" అని వెనక్కి తిరిగి చూసేవాడు. అలా చూడగా చూడగా అసలు పేరు అరిగిపోయింది.

జిరాక్సు షాపులో వెనకవైపు, ప్లైవుడ్ చెక్క అడ్డం పెట్టిన గదిలో అతని సామ్రాజ్యం. ఒక కంప్యూటరు, ఒక కీబోర్డు, రెక్కలు తిరిగినప్పుడల్లా దగ్గే ఫ్యాను, చక్రాల్లో ఒకటి ఊడిపోయిన కుర్చీ. ఆ కుర్చీ మీద కూర్చోవడానికి ఒడుపు ఉండాలి. తెలియనివాళ్లు కూర్చుంటే నేల మీద లేస్తారు.

టైపు చేస్తుంటే కీబోర్డు మీంచి పొగ వచ్చేదని, ఓసారి ఎదురింటివాళ్లు కంగారుపడి ఫైరింజనుకి ఫోను కొట్టారని మెరుపు చెబుతాడు. ఫైరింజను వచ్చిన మాట నిజమే, అది పక్కవీధిలో పరుపుల కొట్టు కోసం. ప్లీడరు గారొకాయన దరఖాస్తు చెప్పడానికి గొంతు సవరించుకునేలోపు ఇతను "ఇట్లు తమ విధేయుడు" దాకా వెళ్లిపోయి, మధ్యలో ఏం చెప్పబోతున్నారో చెప్పమని ప్లీడరునే అడిగాడట. దీన్ని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు, ప్లీడరు ఎవరో తెలియదు కాబట్టి.

మెరుపుకి ఒక నియమం ఉంది. టైపు చేసింది మళ్లీ చదవడు. "చదవడమంటే నా వేళ్లని నేనే అనుమానించినట్టు. కట్టుకున్న పెళ్లాన్నైనా అనుమానిస్తానుగానీ వేళ్లని అనుమానించను," అంటాడు. ఈ మాట ఆవిడ ముందు అనడు.

ఆ వేళ్లే ఒకరోజు మొరాయించాయి. పొద్దున్నే లేచేసరికి కుడిచేతి నడిమివేలు ముడుచుకుని ఉండిపోయింది. ఎడమచేత్తో పట్టుకుని లాగితే టక్కుమని తెరుచుకుంది. వారం తిరక్కుండా దాని పక్కదానికీ అంటుకుంది ఆ జబ్బు, ఆ తర్వాత ఎడమచేతికి. భార్య రోజూ వేణ్ణీళ్లలో చేతులు ముంచి కూర్చోబెట్టేది. "ఏమండీ, డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంటే, "నా వేళ్లు చూస్తే డాక్టరుకే వణుకు వస్తుంది, పాపం ఎందుకు," అని దాటేసేవాడు.

అతని భయం డాక్టరు గురించి కాదు. షాపు ఓనరమ్మ గురించి. ఆవిడ మాట తూకం వేసినట్టు మాట్లాడే మనిషి. చాలాకాలం కిందటే చెప్పేసింది: "చూడు మెరుపూ, నీ వేళ్లు ఆడినన్నాళ్లూ ఆ కుర్చీ నీది. ఆడనిరోజు అక్కడ ఇంకో జిరాక్సు మిషను పెడతాను. నొచ్చుకోకు." అతను అప్పట్లో పకపకా నవ్వాడు. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా కుర్చీని ఒకసారి తడిమి చూసుకుంటున్నాడు. ఈ వయసులో ఈ గది తప్ప అతనికి వేరే గతి లేదు. ఇంట్లో కూర్చుంటే అతని కోతలు వినేది ఒక్క భార్యే, ఆవిడ అన్నీ వినేసింది.

దారి ఇంటర్నెట్టే చూపించింది. దేనికోసమో వెతుకుతుంటే తెర మూల నుంచి ఒక ప్రకటన కన్ను కొట్టింది. ఫోటో పెట్టండి, అందులోని అక్షరాలు విడదీసి ఇస్తాం, మార్చుకోండి, దిద్దుకోండి, ఉచితం అని. ఉచితం అన్నచోట ఉచ్చు ఉంటుందని మెరుపుకి తెలుసు. అయినా మునిగినవాడికి చలేమిటి అనుకుని, జేబులో ఉన్న వేళ్ల నొప్పి లేపనం డబ్బాకి ఫోను పెట్టి ఫోటో తీసి, సైటులో ఎక్కించి, భాష దగ్గర తెలుగు అని నొక్కాడు. చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరిగింది. డబ్బా మీద ఉన్న సూచనలన్నీ టైపు చేసినట్టు తెర మీద పడ్డాయి.

అది బొమ్మ కాదు, నిజం అక్షరాలే. నమ్మకం కుదరక, "పిల్లలకు అందకుండా ఉంచండి" అన్న వాక్యంలో కర్సరు పెట్టి పిల్లలను చెరిపేసి ఓనరమ్మను పెట్టాడు. "ఓనరమ్మకు అందకుండా ఉంచండి." చక్కగా కుదిరింది. ఆ రోజు నుంచి ఆ వాక్యాన్నే పాటించాడు.

ఎవరైనా అచ్చు కాగితం తెచ్చి టైపు చేసిపెట్టమంటే, తీసుకుని లోపలికి వెళ్లేవాడు. తలుపు వేసేవాడు. ఫోటో తీసి, సైటుకి ఎక్కించి, చక్రం తిరుగుతున్నంతసేపూ వైరు పీకేసిన పాత కీబోర్డు మీద మోచేతులతో, మణికట్లతో, ఒక్కోసారి దువ్వెనతో టపటపా వాయించేవాడు. బయట జనం ముక్కున వేలేసుకునేవాళ్లు. "ఏం స్పీడురా నాయనా, వయసు పెరిగేకొద్దీ పెరుగుతోంది!" వేళ్లు పోయాక వేగం పెరిగిన టైపిస్టు భూమ్మీద ఇతనొక్కడే. సైటు అక్కడా ఇక్కడా ఒక వత్తు మింగేసినా ఎవరూ పట్టించుకోలేదు. దరఖాస్తులు రాయించుకునేవాళ్లు చదవరు, పుచ్చుకునేవాళ్లు అసలే చదవరు.

ఇలా సాఫీగా సాగుతుండగా బావమరిది వచ్చాడు.

బావమరిది కరెంటు మీటర్లు రాసే ఉద్యోగి. సాయంత్రాలు నాటకాల డైరెక్టరు. కథ చూసి నాటకం ఎంచుకోడు, అందులో ఎన్ని కుర్చీలు కావాలో చూసి ఎంచుకుంటాడు. ఈసారి ఒక్క మంచంతో అయిపోయే నాటకం దొరికిందని సంబరపడిపోతూ, అరచేయంత పాత పుస్తకం ఒకటి కౌంటరు మీద పెట్టాడు.

"బావా, ఇది పట్టుకుంటేనే పొడి రాలుతోంది. ఊళ్లో ఇంకో కాపీ లేదు. రాసినాయన పోయి ఎన్నేళ్లయిందో. మావాళ్లకి కళ్లు ఆనట్లేదు, లావు అక్షరాల్లో కావాలి. అందరికీ తలా ఒకటి."

"ఎప్పటికి?"

"రేపటికి అవుతుందా?"

"రేపటికా? ఇంత చిన్నదానికి రేపటిదాకా నన్ను కూర్చోమంటావా? కావాలంటే నువ్వు టీ తాగి రా, ఈలోగా చేసిస్తా."

"కోతలు అక్క దగ్గర కొయ్యి బావా. రేపే వస్తా."

లోపలి గదిలో ట్యూబులైటు మిణుకుమిణుకుమని ఫోటోల మీద చారలు పడుతున్నాయి. మధ్యాహ్నం ఓనరమ్మ భోజనానికి వెళ్లగానే మెరుపు పుస్తకం తెచ్చి ముందు కౌంటరు మీద, వీధి వెలుగులో పెట్టాడు. కౌంటరు పైన అద్దం ఉంది. అద్దం కింద, షాపుకి వచ్చేవాళ్ల కోసం ఓనరమ్మ స్వయంగా చెప్పి లావు అక్షరాల్లో ప్రింటు తీయించిన హెచ్చరికలు వరసగా పరిచి ఉన్నాయి. అవి అక్కడ ఉన్నాయన్న సంగతి షాపువాళ్లు ఎప్పుడో మరిచిపోయారు. పుస్తకం చిన్నది. ఫోను మరీ దగ్గరికి పెడితే అక్షరం మసకబారుతోంది. కాస్త వెనక్కి జరిపి తీశాడు. పేజీ మొత్తం పడింది. పేజీ కింద ఉన్న అద్దమూ పడింది. పుస్తకం జరిగినప్పుడల్లా ఒక్కో పేజీ కింద ఒక్కో హెచ్చరిక పడింది.

సైటుకి ఏది నాటకమో, ఏది షాపో తెలియదు. కనిపించిందల్లా వరసగా ఇచ్చేసింది. మెరుపు నియమం ప్రకారం చదవలేదు. అక్షరం సైజు పెంచి ప్రింటు కొట్టాడు.

రిహార్సల్లో మొదట అనుమానం వచ్చింది దర్జీకి. అతనిది చచ్చిపోయే అన్నయ్య వేషం.

"డైరెక్టరు గారూ, ఈ మాట ఇక్కడ అతకట్లేదండీ."

"బట్ట కాదు, అతకడానికి. మా బావ టైపులో ఈనాటిదాకా తప్పు లేదు. ఉన్నదున్నట్టు చెప్పు."

"కానీ దీనికి అర్థం..."

"రాసినాయన బతికిలేడు. అర్థం కావాలంటే నువ్వే వెళ్లి అడిగి రావాలి, ఆ వేషం నీదేగా. చెప్పు."

దర్జీ చెప్పాడు. చెప్పగా చెప్పగా అందులో ఏదో లోతు ఉన్నట్టు తోచింది. లోతని అతను అన్నాక మిగతావాళ్లకీ తోచింది.

ప్రదర్శన రోజు మెరుపు భార్యతో రెండో వరసలో కూర్చున్నాడు. ముందు వరసలో, సరిగ్గా అతని ముందు కుర్చీలో, ఓనరమ్మ. మొదటి రంగంలో ప్రియుడు ప్రియురాలి చెయ్యి పట్టుకుని గొంతు నిండుగా అన్నాడు: "నీ కోసం జన్మంతా ఎదురుచూస్తాను. తొందరపడేవారు పక్క షాపుకి వెళ్లవచ్చు." ఎవరో ఈల వేశారు. ప్రియురాలు కన్నీళ్లతో, "నాకు ఇంకెవరున్నారు? అద్దం మీద ఆనుకోవద్దు," అంది. ప్రియుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

మెరుపు భార్య మోచేత్తో పొడిచింది. "ఏమండీ, ఇది మీ షాపులో..."

"నాటకం చూడు."

"అదే చూస్తున్నా. మీ షాపు కనిపిస్తోంది."

మెరుపు ఓనరమ్మ తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాడు. అది కదల్లేదు.

చివరి రంగం. మంచం మీద దర్జీ. తమ్ముడి చెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. "తమ్ముడూ, ఇల్లు నీది, వాకిలి నీది. నేనేమీ పట్టుకుపోవడం లేదు." కాసేపు ఆగాడు. దగ్గాడు. "ఒరిజినల్స్ మరిచిపోతే మా బాధ్యత లేదు." తల వాల్చేశాడు. హాలంతా ముక్కులు చీదింది. బియ్యే చదివినవాళ్లు కూడా ఏడ్చారు. చప్పట్లకి పైకప్పు రేకుల మీద పడుకున్న పావురాలన్నీ లేచిపోయి, కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు.

మర్నాడు పొద్దున్నే బావమరిది షాపుకి వచ్చాడు, ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ప్రింటు. ఎవరో పెద్దాయన ఆ ఆఖరి మాట అసలు పుస్తకంలో చూపించమంటే తెరిచాడట. లేదు.

"బావా, ఇదేంటి?"

అప్పటికే ఓనరమ్మ కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. మెరుపుకి ఎదురుగా రెండు దారులున్నాయి. నిజం చెబితే కుర్చీ పోతుంది. అబద్ధం చెబితే పోయినాయన నాటకాన్ని పాడుచేసినవాడవుతాడు. అతను రెండోదాన్నే ఎంచుకున్నాడు, అలవాటున్న దారి కాబట్టి.

"కావాలనే పెట్టాను. నాటకం పలచగా ఉంది. కాస్త చిక్కబరిచాను."

"చేత్తోనే కొట్టావా ఇదంతా?"

"కాలితో కొడతానా?"

"అయితే మంచిది. పుస్తకంలో ఉన్నట్టే మళ్లీ కొట్టు. పక్క ఊరివాళ్లు ఆడమంటున్నారు. ఇక్కడే నిలబడతాను. నువ్వు టీ తాగి రమ్మన్నావుగా ఆవేళ, ఇవాళ టీ ఇక్కడికే తెప్పించుకుంటా."

ప్లైవుడ్ తలుపు మొదటిసారి బార్లా తెరిచారు. మెరుపు ఆ కుర్చీలో ఒడుపుగా కూర్చున్నాడు. కీబోర్డు మీద చేతులు పెట్టాడు. నాటకం పేరు సగం అయ్యింది. నడిమివేలు ముడుచుకుని అలాగే ఉండిపోయింది. దాన్ని రెండో చేత్తో విప్పబోతే ఆ చేతి వేలు కూడా పట్టేసింది. రెండు కొక్కేల్లా రెండు చేతులు గాల్లో పెట్టుకుని కూర్చున్నాడు. కోయడానికి కోత ఒక్కటీ అందలేదు.

బావమరిది మొహంలో వెటకారం ఎటు పోయిందో పోయింది. దగ్గరికొచ్చి, బావ వేలు తన చేతిలోకి తీసుకుని మెల్లగా విప్పాడు. టక్కుమంది.

"నొప్పా బావా?"

"నొప్పేం లేదు. చప్పుడే."

ఓనరమ్మ అడిగింది. "ఎంతకాలంగా?"

"చాలా కాలమే అమ్మా."

"మరి ఆ టపటపలు?"

మెరుపు బల్ల కింద నుంచి వైరు లేని కీబోర్డు, దువ్వెన తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఫోను తీసి, సైటు తెరిచి, నాటకం పుస్తకంలో ఒక పేజీకి ఫోటో తీయడం, ఎక్కించడం, భాష నొక్కడం అన్నీ చూపించాడు. చక్రం తిరిగింది. అక్షరాలు పడ్డాయి. ఓనరమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చదివింది.

"ఇందులో నా మాటలేవీ లేవే."

"ఇది గదిలో తీశానమ్మా. అవి కౌంటరు దగ్గరివి."

"అందరూ ఏడ్చారు," అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు. "ఆ బాధ్యత లేదు అన్నది నేను రాసిందే." తర్వాత మామూలు గొంతుతో అంది. "అన్న మాట అన్నదే. వేళ్లు ఆడట్లేదు, కుర్చీ తీసేస్తున్నాను. అక్కడ కొత్త మిషను పెడతాను."

మెరుపు లేచి నిలబడ్డాడు. చొక్కా సర్దుకున్నాడు. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అంది ఓనరమ్మ. "కుర్చీ తీసేస్తానన్నాను, నిన్ను తీసేస్తానన్నానా? ఫోటో నిలబడే తీస్తారుగా. ముందు కౌంటరు దగ్గర నిలబడు. కానీ తీసిన ప్రతిదీ చదివి ఇవ్వాలి. చదవకపోతే నిజంగానే పంపించేస్తాను."

ఇప్పుడు మెరుపు కౌంటరు వెనక నిలబడి పనిచేస్తాడు. పేజీ కింద తెల్ల అట్ట వేస్తాడు, ఫోటో తీస్తాడు, పెదాలు కదుపుతూ అక్షరం అక్షరం చదువుతాడు. మింగేసిన వత్తుల్ని ఒక్క చూపుడువేలితో పెడతాడు. దరఖాస్తుల్లో ఇంత దుఃఖం ఉంటుందని ఈ వయసులో తెలిసిందట. ఒక్కోదానికి కళ్లు తుడుచుకుని గానీ ప్రింటు ఇవ్వడు.

వచ్చినవాళ్లందరికీ నిజమే చెబుతున్నాడు. నిన్న కూడా ఒకాయన, "మెరుపు గారూ, ఇది అర్జెంటు, మీ వేళ్లే దిక్కు," అంటే, "వేళ్లు లేవు బాబూ, పోయాయి. ఇదంతా ఫోటో తీస్తే సైటు చేస్తుంది. నేను ఉత్తినే చదువుతాను," అని చెప్పాడు.

ఆయన నవ్వి, పక్కనున్న మనిషితో అన్నాడు. "ఈయన మాటలు నమ్మకు. చేత్తోనే కొడతాడు. చూడబోతే కంటికి ఆనదు, అంత స్పీడు."