మామయ్య బ్యారన్‌లో నా బార్లీ

ఈ కథ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. ఇంటికొచ్చిన చుట్టానికి మంచినీళ్ళిచ్చాక మా ఆవిడ సుజాత చేసే రెండో మర్యాద, "ఆ బార్లీ సంగతి చెప్పండి" అని నన్ను ముందుకు తొయ్యడం. అందుకే రాసి పెడుతున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళకి ఈ కాగితాలిచ్చి నేను వెళ్ళి పడుకుంటాను. ఒక బ్యారన్ పొగాకునీ, ఒక కుండ బీరునీ, ఒక పెద్దమనిషి ధైర్యాన్నీ ఒక్క చేతి మీద నాశనం చేసినవాణ్ణి నేను. ఓపికుంటే చదవండి.

అవి మన రాష్ట్రంలో మందు దొరకని రోజులు. అద్దంకిలో నాకు పత్తివిత్తనాల కొట్టు. పక్క ఊళ్ళో మా కోటయ్య మామయ్య, మా అమ్మకు అన్న, ఆపైన నాకు పిల్లనిచ్చిన మామ, పొగాకు వేసి సొంత బ్యారన్‌లో ఆరబెట్టేవాడు. బ్యారన్ అంటే ఒక ఎత్తైన గది. కింద గొట్టాల్లో వేడి, పైన కర్రలకు వేలాడే పచ్చాకు. రోజురోజుకీ వేడి పెంచుకుంటూ పోతే ఆకు పసుపు తిరిగి, చివరికి మధ్యలో ఉండే లావు ఈనె కూడా ఎండుతుంది. ఆ పనిలో మామయ్య చెయ్యి తప్పదని ఊరంతా అనేది. ఆయనకీ ఆ మాట ఇష్టం.

ఆ ఏడు మా బావమరిది రవి బెంగుళూరు నుంచి సెలవుకొచ్చాడు. సంచిలో ఈస్టు పొట్లం, ఏవో ఎండు పూలు. ఇంట్లోనే బీరు కాయొచ్చట.

"అన్నిటికీ పునాది బేస్ మాల్ట్ బావా. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, తక్కువ వేడిలో మెల్లగా ఆరబెట్టాలి. గింజలో పిండిని తీపిగా మార్చే శక్తి ఆ మొలకతో వస్తుంది. తడి మీద వేడి తగిలిందా, చచ్చూరుకుంటుంది."

"మరి నల్ల బీరుంటుందంటగా?"

"దానికి వేయించిన మాల్టు ఓ గుప్పెడు కలుపుతారు, రంగుకి. పునాది మాత్రం తెల్లగా, బతికుండాలి."

విన్నాను. విత్తనాల కొట్టువాడికి మొలకల గురించి చెప్పొచ్చాడు చూడు, అనుకుంటూ విన్నాను. అలా విన్న మాట చెవిలో ఎంతసేపుంటుందో మీకు తెలియనిది కాదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బార్లీ ఇంకా నానకముందే మా బీరుకి 'అద్దంకి అమృతం' అని పేరు కూడా పెట్టేశాను.

మామయ్యవాళ్ళింటి వెనక గదిలో తడిగోతాం కింద మొలకలొచ్చాయి. ఇదేంటని అత్తయ్య అడిగితే, ఒంట్లో వేడికి బార్లీ నీళ్ళని చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని కూర్చుని మామయ్యకి కళ్ళు మండుతున్నాయి, అల్లుడికెంత ప్రేమో అని ఆవిడ మురిసిపోయింది.

ఇక ఆరబెట్టాలి. ఎక్కడ? కల్లంలో మిరపకాయలు, డాబా మీద మిరపకాయలు, రోడ్డు మీద కూడా మిరపకాయలే. ఆ ఘాటులో ఆరిన బార్లీతో బీరు కాస్తే తాగేటప్పుడూ ఏడవాలి, మర్నాడూ ఏడవాలి. అప్పుడు నా చూపు బ్యారన్ మీద పడింది. ఆరబెట్టడానికే కట్టిన గది ఎదురుగా ఉంటే వీధులెంట తిరగడమెందుకు?

సరిగ్గా ఆరోజే మామయ్య చీరాలలో పెళ్ళికి బయల్దేరాడు. బ్యారన్‌లో ఈనె ఎండే ఘట్టం, వేడి తారస్థాయిలో ఉంది.

"పొయ్యిలో కట్టె తగ్గనియ్యబాక. తలుపు మాత్రం తియ్యొద్దురా. ఇప్పుడు చెమ్మ తగిలిందంటే ఈనె ఎండదు, ఆకు కుప్పగా పేర్చి మండె వేశాక బూజు పడుద్ది" అని ఒకటికి రెండుసార్లు చెప్పి బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగింది. నేను తలుపు తీశాను. తడి బార్లీ గోతాల మీద పరిచాను. ఆరిందో లేదో చూద్దామని మళ్ళీ తీశాను, తిరగేద్దామని మళ్ళీ తీశాను. సాయంత్రానికి గింజ తేనెరంగు తిరిగి మెరిసిపోతోంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

రవి ఒక గింజ కొరికి, నా మొహం చూసి, నీరసంగా గోడకి ఆనుకున్నాడు. "ఇది ఆరలేదు బావా, ఉడికింది."

"రంగు చూడవయ్యా."

"రంగుదేముంది. శవానికి పసుపు రాసినట్టుంది."

దంచి వేడి నీళ్ళలో వేస్తే, తీపెక్కాల్సిన పిండి గంజిలాగే కూర్చుంది. ఎంతసేపు చూసినా గంజే. చివరికి రవి ఇంత బెల్లం కొట్టి పడేసి, పూలూ ఈస్టూ వేసి, "ఏదో ఒకటి పొంగుద్దిలే" అని మర్నాడే బెంగుళూరు బండెక్కాడు. తెలివైనవాడు.

కుండ పొంగింది. అక్కడ మామయ్య పెళ్ళి నుంచి వచ్చి మండె వేసిన ఆకుకి బూజూ పట్టింది. ఈనెల వెంబడి తెల్లగా.

మామయ్య అరుగు మీద కూలబడ్డాడు. కోప్పడినా బాగుండేది. "నా చెయ్యి తప్పిందిరా. వయసైపోయింది. వచ్చే ఏడు బ్యారన్ ఎవరికన్నా కౌలుకిచ్చేస్తా" అన్నాడు. అన్నం కూడా సరిగా తినలేదు. చెప్పేద్దామని నేను నోరు తెరిచిన ప్రతిసారీ ఆవలింతే వచ్చింది. సిగ్గేసింది, భయమేసింది, రెంటికీ ఆవలింతే.

అంతలో అత్తయ్య గ్లాసుతో వచ్చింది. "దిగులుపడి ఒళ్ళు వేడి చేసుకోకండి. మీ మేనల్లుడు మీకోసమే చేసిన బార్లీ నీళ్ళు."

నేను లేచేలోపు సగం తాగేశాడు. ఆగాడు. చప్పరించాడు. ఇంకో గుక్క తాగి బ్యారన్ వైపు చూశాడు. తర్వాత నావైపు.

"ఏరా, ఇందులో నా ఆకు వాసనెందుకొస్తంది?"

నేను గ్లాసు అందుకోబోతే ఆయన వెనక్కి తీసుకున్నాడు.

"తలుపు తీశావా?"

"తీశాను మామయ్యా."

"ఎన్నిసార్లు?"

"గుర్తులేదు మామయ్యా."

చెంప సిద్ధం చేసుకున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు.

"అమ్మయ్య. అయితే నా చెయ్యి బానే ఉందన్నమాట. ఏమేవ్, అన్నం పెట్టు."

ఆ పూట మామయ్య అంత అన్నం తినడం నేనెప్పుడూ చూడలేదు. చెయ్యి కడుక్కుని, బ్యారన్ తాళంచెవి నా ఎదురుగానే సుజాత చేతిలో పెట్టాడు. దాన్ని ఆవిడ ఇప్పటికీ నాకు చూపించదు.

కాబట్టి, ఎండిన ఈనె మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో మొలకెత్తిన గింజ జోలికి పోను, వేసున్న తలుపు తియ్యను. నిన్న సుజాత మొలకెత్తిన పెసలు ఫ్రిజ్‌లో పెట్టమంది. దానికీ తలుపుంటుంది. నేను పెట్టలేదు.