మా బావ రేడియోకు పడ్డ తాళం

మా అక్క వనజ గొంతు గురువారం మధ్యాహ్నం రేడియోలో వస్తుందని, అదీ ఒక్కసారే వస్తుందని తెలిసినప్పటి నుంచి పోతిరెడ్డిపల్లిలో వాళ్లింట్లో ఎవరికీ కాలు నిలవలేదు. అందరికంటే ఎక్కువ గంతులేసినవాడు మా బావ శ్రీశైలం. పెళ్లిలో తలంబ్రాలు పోసేటప్పుడు కూడా మీటింగులో కూర్చున్నట్టు కూర్చున్న మనిషి ఇలా ఎగురుతాడని నేను కలలో కూడా అనుకోలేదు.

బావ బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ ఆపరేటర్. రియాక్టర్ అంటే మనిషి లోపలికి దిగి కడిగేటంత పెద్ద స్టీలు గంగాళం, దానికొక మూత, లోపల తిరిగే తెడ్డు. దాని పక్కనే మందుపొడిని ఆరబెట్టే యంత్రం బుయ్యిమంటూ తిరుగుతుంటుంది. దాని దగ్గర ఏళ్ల తరబడి నిలబడి నిలబడి బావకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. డాక్టరు చెవి మిషన్ ఇస్తే, లోపల దోమ దూరినట్టుందని దాన్ని బీరువాలో పడేశాడు. మొండితనంలో ఆయన్ని మించినవాడు సంగారెడ్డి జిల్లాలో పుట్టలేదు. ఇది మరదలిగా నేనిచ్చే సర్టిఫికెట్.

అందుకని అక్క ఏం చెప్పినా అరిచి చెప్పాలి. "బువ్వ పెట్టాల్నా?" అని అక్క అడిగితే వీధిలో సగంమంది చేతులు కడుక్కుంటారు. నల్లా బిల్లు, బావ మోకాలి నొప్పి, అక్క అత్తమ్మ అజీర్తి, అన్నీ అందరికీ తెలిసినవే. దాంతో అక్కకు బాధ లేదు. ఆమె బాధ వేరే. ఒకసారి పెసరపప్పు చెరుగుతూ నాతో అన్నది.

"అన్ని మాటలు ఒర్రి చెప్తారె, మంజులా? కొన్ని మెల్లగనే చెప్పాలె. మెల్లగ జెప్తె గీయనకు ఇనవడది. గట్టిగ జెప్తె గల్లీ అంత ఇంటది. ఇగ ఎప్పుడు జెప్పాలె నేను?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. పెళ్లయి ఇన్నేళ్లయినా మొగుడికి ఒక ముద్దు మాట చెప్పుకోలేకపోయిన ఆడది ఎదురుగా కూర్చుని చేట తడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చెప్పేది చేతగాక కాదు, చెప్పేందుకు చోటు లేక.

తరువాత అక్కకు ఒక ఎఫ్ఎం స్టేషన్ కార్యక్రమం దొరికింది. ఆడవాళ్లు ఫోన్ చేసి ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పాలి, ఆ పైన ఒక పాట వేస్తారు. ముందే రికార్డు చేసి ఒక రోజు వినిపిస్తారు. అక్క ఇంట్లో ఎవరూ లేనప్పుడు బాత్రూంలో గడియ పెట్టుకుని ఫోన్ చేసింది. ఏం చెప్పిందో నాకు కూడా చెప్పలేదు.

"నువ్వు గురువారం రా. బావ ఇన్నడా లేదా నువ్వే సూడు. నాకు ఆయన మొకం సూడ చేతగాదు," అన్నది.

బావకు మాత్రం, "నా గొంతు రేడియోల వస్తది, ఇనాలె" అని ఒక్క ముక్క అరిచిందట. అంతే, బావ బండి తీసి సంగారెడ్డి పోయి అబ్దుల్ కరీం దుకాణంలో అరచేతికి కొంచెం పెద్దదైన డిజిటల్ రేడియో కొనుక్కొచ్చాడు. నంబర్లు కనబడే చిన్న తెర, లాగితే పొడుగయ్యే ఏరియల్, నాలుగైదు మీటలు.

"పహలే ఫుల్ చార్జ్ కరో, శ్రీశైలం భాయ్," ముందు ఫుల్లుగా చార్జ్ చెయ్యమని కరీం భాయ్ చెప్పి పంపాడు.

ఆ మాటతోనే తంతు మొదలైంది. బావ ఫ్యాక్టరీలో చార్జింగ్ అంటే గంగాళంలోకి సరుకు పోయడం. పోసిన తరువాత దాన్ని కాసేపు కదపకుండా ఉంచాలట. రేడియో చార్జ్ అయ్యాక బావ దానిమీద పల్చటి గుడ్డ కప్పి, "జెర సెటిల్ కానీయుండ్రి" అని అందర్నీ దూరంగా కూర్చోబెట్టాడు. అత్తమ్మ నర్సింహమ్మ, అంటే బావ తల్లి, లోపల ఏదో ఉడుకుతోందనుకుని వాసన చూసింది.

గుడ్డ తీశాక స్టేషన్లు వెతికే మీట నొక్కాడు. తెరమీద నంబర్లు పరుగెత్తాయి. ఒక్కో స్టేషన్ దొరికినప్పుడల్లా బావ "వట్టిన! వట్టిన!" అని కేక వేశాడు. దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లంతా తిరిగి, చివరికి వంటింట్లో బియ్యం డ్రమ్ము మీద పెడితే గొంతు తేటగా వస్తుందని తేల్చాడు. ఆ రోజు నుంచి డ్రమ్ము మూత తీయడానికి కూడా ఆయన్ని అడగాలి. పూర్తి సౌండు పెట్టి, కుడి చెవి ఆనించి, వార్తలూ వ్యవసాయం ముచ్చట్లూ వదలకుండా విన్నాడు. ఒక్క ఎకరం లేని ఆ వీధి మొత్తానికి పత్తికి పట్టే పురుగుల పేర్లు నోటికొచ్చాయి.

గురువారం నేను పటాన్‌చెరులో నా కుట్టు దుకాణానికి తాళం పెట్టి, షేర్ ఆటో పట్టుకుని వచ్చేసరికి అక్క కొత్త చీర కట్టుకుని ఉంది. రేడియోలో తనను ఎవరు చూస్తారని అడగబోయి నోరు మూసుకున్నాను. బావ డ్రమ్ము ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. కానీ ముఖం మాడిపోయి ఉంది.

"ఏమైంది బావా?" అని ఆయన కుడి చెవి దగ్గర అరిచాను.

"తాళం వడ్డది," అన్నాడు.

చూస్తే తెరమీద ఒక మూల చిన్న తాళం బొమ్మ. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. జేబులో పెట్టుకున్నప్పుడు మీటలు వాటంతటవే నొక్కుకోకుండా ఉండేందుకు ఆ ఏర్పాటు. నా ఫోన్‌లోనూ ఉంది.

"గింతెనా? ఆ మీట జెర సేపు వట్టుకుంటె పోతది. ఇటియ్యి," అని చేయి చాపాను.

బావ రేడియోను తలమీదికి ఎత్తేశాడు. "ముట్టకు! ఎవలు ఏసిన తాళం వాళ్లే తియ్యాలె!"

ఇది ఫ్యాక్టరీ రూలు. గంగాళంలోకి మనిషి దిగేముందు దాని స్విచ్చికి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగుతాడు. ఆ మనిషి బయటికొచ్చి తన చేత్తో తాళం తీస్తే తప్ప మేనేజరు వచ్చినా స్విచ్చి ముట్టుకోకూడదు. ఒకప్పుడు బావ లోపల కడుగుతుండగా కొత్తగా చేరినవాడు తెడ్డు తిప్పడానికి వచ్చి, తాళం చూసి ఆగిపోయాడు. బావ ఆ సంగతి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు. అక్క నవ్వలేదు. అప్పటి నుంచి తాళం విషయంలో బావతో ఎవరూ గెలవలేరు.

"అది ఫ్యాక్టరీ, ఇది రేడియో! టైం అవుతుంది!" అని నేను మొత్తుకున్నాను.

"తాళం తాళమే," అన్నాడు. "చెప్పుండ్రి. ఎవలేసిండ్రు?"

అక్క నేను కాదంది. నేను అప్పుడే వచ్చాను. చివరికి అక్కకు గుర్తొచ్చింది. "పొద్దుగాల మీ అవ్వ కొంగుతోని తుడిసింది!"

అత్తమ్మ వెనక వీధిలో శ్రీమంతానికి పోయింది. బావ బండి తీశాడు. తాళం పడ్డ యంత్రాన్ని వదిలి పోకూడదని రేడియోను కూడా చొక్కాలో దోపుకుని పోయాడు. లేకపోతే నేను తీసేద్దును.

"గీ మనిషితోని ఎట్ల ఏగాలె నేను!" అని అక్క గుమ్మంలో కూలబడింది. కొత్త చీర మోకాళ్లమీద నలిగిపోతోంది. "గంత కష్టపడి చెప్పిన మంజులా. మల్ల చెప్పుమంటె నాతోని కాదు."

నాకు బావమీద వచ్చిన కోపానికి ఆ బియ్యం డ్రమ్మే ఎత్తి వేసేదాన్ని, లేచేదైతే.

ఇంతలో బండి వచ్చింది. వెనక పట్టుచీరలో అత్తమ్మ, ఒడిలో వాయనం శనగలు, చేతినిండా గంధం.

"ఏమైందిరా కొడకా? గట్ల గుంజుకొస్తివి?"

"నీ తాళం తియ్యే అవ్వా!"

"తాళమా? పెట్టె తాళంచెవి నా బొడ్లెనే ఉన్నది. గిప్పుడెందుకురా?" అని ఆమె నడుముకు దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి కొడుకు చేతిలో పెట్టింది.

నవ్వాపుకోలేక నేను గోడకు ఆనుకున్నాను. బావ మాత్రం నవ్వలేదు. రేడియోను డ్రమ్ము మీద పెట్టి, తల్లి వేలు పట్టుకుని మీట మీద ఉంచి, తాళం తీసేముందు గంగాళంలోకి అడిగే ఇన్నేళ్ల అలవాటు కొద్దీ రేడియో దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు.

"లోపల ఎవలన్న ఉన్నరా?"

అత్తమ్మ మీట నొక్కి పట్టుకుంది. తాళం బొమ్మ మాయమైంది, బావ ఆన్ మీట నొక్కాడు. "నమస్కారమండీ, ఉన్నాం!" అన్నది లోపలినుంచి ఒక ఆడగొంతు.

అత్తమ్మ శనగలు వదిలేసి రెండడుగులు వెనక్కి గెంతింది. ఆ గొంతు కార్యక్రమం నడిపే అమ్మాయిది, ఎవరో ఫోన్లో "ఉన్నారా మేడం?" అంటే జవాబు చెప్పింది. ఆ ఫోను కాగానే, "ఇప్పుడు పోతిరెడ్డిపల్లి నుంచి వనజ గారు," అన్నది.

సరిగ్గా అప్పుడే వెనక వీధి శ్రీమంతంలో మైకు పెట్టారు. బావ సౌండు పూర్తిగా పెంచాడు, చెవి ఆనించాడు, ముఖమంతా ముడుచుకున్నాడు.

"ఏమంటున్నదే? ఒక్కటి సమజ్ అయితలేదు!"

అక్క ముఖం తెల్లబోయింది. రేడియోలో ఆ అమ్మాయి ఇంకా ఏం కూర వండారని అడుగుతోంది. నేను రేడియో వచ్చిన అట్టపెట్టె కోసం పరుగెత్తాను. అందులో ఇయర్‌ఫోన్లు కవర్ విప్పకుండా అట్లాగే ఉన్నాయి. పళ్లతో చింపి, వైరు రేడియోకు గుచ్చి, ఒక కొస బావ కుడి చెవిలో దూర్చాను. రేడియో మూగబోయింది.

"బంద్ అయ్యిందే!" అని అక్క గుండెలు బాదుకుంది.

"బంద్ కాలేదక్కా, బావ చెవులకు వోయింది."

రెండో కొస ఆయన ఎడమ చెవికి ఎలాగూ దండగే కాబట్టి నేను పెట్టుకున్నాను. మా అక్క గొంతే. కానీ ఇంత మెత్తగా ఉంటుందని నాకే తెలియదు.

"మా ఆయనకు మెల్లగ జెప్తె ఇనవడది మేడం. అందుకే ఇన్నేండ్లు చెప్పలే. నువ్వు డ్యూటీకి వోతె నీ బండి సప్పుడు మల్ల ఇనవడేదాంక నాకు బువ్వ దిగదు. నువ్వంటే నాకు మస్తు పానం. గదే చెప్పాలె. గంతే."

పాట మొదలైంది. బావ కదల్లేదు. డ్రమ్ము అంచు రెండు చేతులతో పట్టుకుని తెరమీది నంబరునే చూస్తున్నాడు. కళ్లు నిండిపోయాయి. అక్క కొంగుతో ముఖం కప్పుకుని, వేళ్ల సందులోంచి నన్నే చూస్తోంది. విన్నాడని తల ఊపాను.

చెవిలో పాట మోగుతున్నవాడికి తన గొంతు ఎంత లేస్తుందో తెలియదు. బావ లేచి నిలబడి, తన ప్లాంటులో ఆ కొస నుంచి ఈ కొసకు పిలిచినట్టు ఒక్క కేక పెట్టాడు.

"వనజా! నాగ్గూడ నువ్వంటే పానమేనే! నువ్వు లేకుంటె నేను లేనే!"

వెనక వీధిలో మైకు టక్కున ఆగింది. పక్కింటి రుఖయ్యా గోడమీద నుంచి తల పెట్టి, "హమ్ సబ్ సున్ లియే, భాయ్!" అని అరిచింది. మేమంతా విన్నామని. ఎదురింట్లో ఎవరో చప్పట్లు కొట్టారు. అత్తమ్మ, "నీ నోట్లె మన్నువడ, గట్ల ఒర్రుతరారా!" అంటూ కింద పడ్డ శనగలు ఏరుకుంటూ కిసుక్కున నవ్వింది.

అక్క ముఖం మీది కొంగు తీసింది. మా అక్కవి పాము చెవులు, వీధి చివర పాలవాడు సైకిల్ దిగితే ఇక్కడ గిన్నె తీస్తుంది. అలాంటిది చేయి చెవి వెనక పెట్టుకుని, బావ ముఖంలోకి చూస్తూ వీధంతా వినబడేలా అరిచింది.

"ఏందీ? ఇనవడలే. మల్లొక్కపారి చెప్పు!"