తవుడు కాపడం

మొన్న మునిమనవరాలికి ఆయాసం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయాం. దుమ్ముకు వస్తుందా, పొగకు వస్తుందా, పిల్లిని ముట్టుకుంటే వస్తుందా అని డాక్టరు ఒక్కొక్కటే అడుగుతుంటే, మా మనవరాలు "ఏమోనండీ, ఊరికే వస్తుంది" అని ఊరుకుంది. నాకు ఒళ్లు మండింది. ఊరికే వచ్చే ఆయాసం ఉండదని మా అమ్మ ఏనాడో తేల్చింది, అదీ నా మీదే.

నిజాం రాజ్యం పోయిన కొత్తలో మాకు మిర్యాలగూడలో బియ్యం మిల్లుండేది. మిల్లు వెనకే ఇల్లు. మా ఇంట్లో ఏ నొప్పికైనా మందు తవుడే. కాలు బెణికినా, కడుపు నొచ్చినా, నాయనమ్మ తవుడును మూకుట్లో వేడిచేసి, పాత పంచెగుడ్డలో మూటగట్టి కాపడం పెట్టేది. నాకు ఉబ్బసం కాబట్టి అందరికన్నా ఎక్కువ తవుడు నా రొమ్ముమీదే ఖర్చయింది. కాస్త దగ్గితే చాలు, మూట తయారు. ఆపైన ఆయాసం ముదిరితే ఇంకో మూట. ఎప్పటికో తగ్గితే ఆ ఘనతా తవుడుదే.

ఒకసారి గోళ్లు నీలమయ్యేసరికి నన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. పెరుగువల్ల అని నాయనమ్మ, మంచుగాలి అని నాన్న, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. డాక్టరు అన్నీ విని, గోలీలిచ్చి, అమ్మవైపు తిరిగాడు. "మీకు అనిపిచ్చేది నాకొద్దమ్మా. ఆయాసం వచ్చే ముంగట పిల్ల ఏడున్నది, ఏం జేసింది, జర సూసి చెప్పు."

ఇక అమ్మకు నన్ను కనిపెట్టడమే పని. పెరుగు మాన్పించి చూసింది, మళ్లీ పెట్టి చూసింది. తేడా లేదు. ఇంతలో కోదాడలో మేనమామ ఇంటికి పెళ్లికి పోయాం. అక్కడ వానలో తడిసి దగ్గు తెచ్చుకున్నాను. అత్త ఇసుక మూటతో కాపితే తెల్లారేసరికి పోయింది. తవుడు పెట్టవా అని అమ్మ అడిగితే, తవుడు బర్రెలకు గానీ మనుషులకెందుకని అత్త నవ్వింది. అమ్మ నవ్వలేదు.

ఇంటికొచ్చాక ఒక పగటిపూట, గచ్చకాయలాడుకుంటున్న నన్ను పిలిచి, దగ్గైనా లేని నా రొమ్ముమీద అమ్మే తవుడు మూట పెట్టింది. గోలీ ముందే కొంగున కట్టుకుంది. కాసేపటికి నాకు పిల్లికూతలు మొదలయ్యాయి. అమ్మ గోలీ నా నోట్లో వేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. నాయనమ్మ వచ్చి చూసి ఆ మూటను చేతిలోకి తీసుకుంది. "ఇన్నొద్దులు నా చేతులతోటే పెడితి గదనే" అని కూలబడింది.

సూర్యాపేటలో అమ్మ తలవంచుకునే చెప్పింది. "మంచిగున్న పిల్లకు నేనే తెప్పిచ్చి సూసిన, డాక్టర్ సాబ్." తవుడైతే మానుతారు, మరి ఇల్లంతా పరుచుకునే మిల్లు దుమ్మును ఏం చేస్తారని ఆయన అడిగాడు. మేం బతికేది ఆ మిల్లుమీదే. పిల్లను కోదాడలో ఉంచుతానని అమ్మే అంది.

నేను అత్త దగ్గరే పెరిగాను, హాయిగా ఊపిరి పీల్చుకుంటూ. అమ్మ బస్సు దిగి వచ్చేది. నేను పరుగెత్తుకొస్తే చెయ్యి అడ్డం పెట్టి, నేరుగా బావి దగ్గరికి పోయి తలస్నానం చేసి, అత్త చీర కట్టుకుని, అప్పుడు నన్ను దగ్గరికి తీసుకునేది. ఆ కాసేపు గడవడమే నాకు కష్టంగా ఉండేది. ఆ తర్వాత ఇన్నేళ్లు ఎట్లా గడిచిపోయాయో తెలియనే లేదు.