ఐడియాలో ఉన్న కన్ను

మా ఇంగ్లీషు సారు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పాపం, ఆయన తప్పేమీ లేదు. ఎనభైల మొదట్లో నేను తమిళనాడులోని తిరుత్తణి నుంచి రోజూ రైల్లో తిరువళ్ళూరుకు పోయి ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివేదాన్ని. పాఠంలో ఒక మాట నచ్చిందంటే ఆయన దాన్ని ఊరికే వదిలేవాడు కాదు, దాని తాతముత్తాతల దాకా పోయేవాడు. ఆ రోజు ఆయనకు దొరికిన మాట ఐడియా.

వెనక బెంచీ వాళ్లు నవ్వారు. ఐడియాకు అర్థం చెప్పడమేమిటి, టీ కొట్టు దగ్గర కూడా వినపడే మాటకు! సారు నవ్వలేదు. ఆ మాట గ్రీకు నుంచి వచ్చిందనీ, దాని వేరుకు చూడటమని అర్థమనీ చెప్పాడు. మొదట్లో ఐడియా అంటే తలలో ఉండేది కాదట, కంటికి ఆనే రూపమట. తర్వాత ఒక తత్వవేత్త, మనం చూసే ప్రతి వస్తువు వెనకా మనసు మాత్రమే చూడగల అసలు రూపం ఒకటి ఉందన్నాడట. దాన్నీ ఈ మాటతోనే పిలిచాడట. ఎన్నో వందల ఏళ్లు గడిచాక అది ఇంగ్లీషులో చేరి, మెల్లగా తలలోకి దూరి, తలపు, ఉద్దేశం, ఉపాయం అన్నీ తానే అయి కూర్చుందట.

సారుది మా వైపు అత్తిమంజేరిపేట, ఇంట్లో తెలుగే. మా తెలుగు పిల్లల వైపు తిరిగి, "మన ఆలోచనలో మాత్రం ఏముండాది? లోచనం. కన్నే గదా. చూపు లేంది ఆలోచనే లేదు" అని సుద్ద ముక్క బల్ల మీద పెట్టాడు.

ఆ మాట సూటిగా నాకే తగిలింది. పొద్దు గూకితే నాకు కళ్లు కనపడవన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. పగలు బోర్డు మీద అక్షరాలు చక్కగా కనపడేవి. సాయంత్రం రైలు దిగేటప్పుడు మాత్రం ప్లాట్‌ఫారం ఎక్కడుందో కాలితో తడుముకునేదాన్ని. ఇంట్లో గడపలు తగిలితే అమ్మ "నేల చూసి నడువు" అని తిట్టేది. నేలనే చూసేదాన్ని. చెబితే చదువు మాన్పిస్తారని నోరు మెదపలేదు.

అసలు భయం మా మేనత్తను చూసి. నాయన చెల్లెలు. నా వయసులోనే ఆమెకు రేచీకటి పట్టుకుంది, పెళ్లీడు దాటేలోపు పగటి చూపు కూడా పోయింది. మా ఇంట్లోనే, వెనక వసారాలో ఉండేది. ఏ విషయమైనా ఆమెను అడిగేవాళ్లు లేరు. "దానికేం తెలుసు" అనేవాళ్లు, ఆమె వింటుండగానే. సారు చెప్పింది విన్నాక నాకు అంతా అర్థమైపోయినట్టు అనిపించింది. చూపుతో పాటు ఆలోచన కూడా పోతుంది కాబోలు, ఒకనాడు నేనూ అలా కూర్చుని ఉంటాను, నేను కూర్చున్నానని కూడా నాకు తెలియదు.

నేను చెబుతుంటే రాస్తున్న మా అమ్మాయి ఇక్కడ కలం ఆపి నవ్వుతోంది. నవ్వనీ. పదహారేళ్ల పిల్ల భయం అది, దానికి ఎదురు చెప్పేవాళ్లు లేరు.

భయం పట్టలేక ఒక మధ్యాహ్నం అత్త దగ్గరికే పోయాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తోంది.

"అత్తా, నీకు ఐడియాలు వస్తాయా?"

ఆమె మొదట పకపకా నవ్వింది. "యాల రావు? నా తలకేమి, బాగానే ఉండాది" అంది. నవ్వుతూనే ఆగిపోయింది. చెనక్కాయలు పక్కకు నెట్టి నా ముంజేయి దొరకబుచ్చుకుంది.

"ఇది నన్ను యాల అడిగినావు? చీకటి పడినాక గడపలు తగుల్తా ఉండాయా నీకు?"

నేను ఏడ్చాను. ఆమె చెయ్యి వదల్లేదు. నాయన ఇంటికి రాగానే తనే చెప్పింది. ఆ ఇంట్లో ఆమె మాట అందరూ నోరు మూసుకుని వినడం అదే మొదటిసారి.

నాయన నన్ను మద్రాసులో కంటి డాక్టరుకు చూపించాడు. ఆ డాక్టరు ఎదురుగా కూర్చుని, తన ముక్కునే చూడమని, చెయ్యి పక్కకు చాపి ఎన్ని వేళ్లు కనపడుతున్నాయని అడిగాడు. నాకు వేళ్లే కాదు, చెయ్యే కనపడలేదు. తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి నాయనతో చాలాసేపు మాట్లాడాడు.

"పరవాలేదంట పాపా. ఆకుకూరలు బాగా తినమన్నాడు" అన్నాడు నాయన బయటికి వచ్చి. ఆయన ముఖంలో ఏమీ లేదు. ఉండదు కూడా. తిరుత్తణిలో మాది చెనక్కాయల మండి. అక్కడ బేరం నోటితో ఆడరు. కొనేవాడూ అమ్మేవాడూ తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ముఖం చూసి ఏదీ తెలియకూడదు. నాయన అందులో ఆరితేరినవాడు.

తిరుగు రైలు కడంబత్తూరు దాటేసరికి పొద్దు గూకింది. పెట్టెలో దీపం గుడ్డిది. ఎదురుగా ఉన్న నాయన ముఖం మెల్లగా మాసిపోయి, ఇక లేకుండా పోయింది. నేను కూర్చున్న బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు, భుజం మీది తుండు తీసి నా చేతి మీద కప్పాడు. కింద నుంచి నా వేళ్లు పట్టుకుని నొక్కాడు.

"ఎన్ని?"

"మూడు."

"ఇప్పుడు?"

"రెండు. కాదు, రెండున్నర." సగానికి వేలి కణుపు నొక్కుతారని మండిలో చూసి నేర్చుకున్నదే.

"సరిగ్గా చెప్పినావే" అన్నాడు, గొంతు మామూలుగానే ఉంది. ఆ తర్వాత ఏ వేలూ నొక్కలేదు. చెయ్యీ తీయలేదు. తుండు కింద ఆయన వేళ్లు సన్నగా వణుకుతున్నాయి.

"డాక్టరు అట్ల చెప్పలేదు గదా నాయనా. నీకూ భయంగా ఉండాది గదా?" అన్నాను.

ఆయన తుండును నా చేతి చుట్టూ ఇంకాస్త దగ్గరికి లాగాడు.

"నీకెట్ల తెలిసింది పాపా?" అన్నాడు.