రఫీ ప్రోగ్రాముకు అనుమతి

నా పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఆషాఢంలో, నన్ను జగిత్యాల నుంచి సిరిసిల్ల మరమగ్గాల డిజైన్ కేంద్రానికి కంప్యూటర్ల బాధ్యురాలిగా వేశారు. బడికి పోకుండా నాన్న దగ్గరే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి ఉద్యోగంలోకి వచ్చినదాన్ని. ఆ బాధ్యతను దేవుడి దయ అనుకునే తీసుకున్నాను.

చేరిన వారానికే కొత్త కంప్యూటర్ వచ్చింది. చీర అంచు బొమ్మను గళ్లుగా మార్చి, జకార్డు మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టించే ప్రోగ్రామును అందులో ఎక్కించాలి. వేములవాడ దుకాణం వారు అడిగిన నమూనా అంచు మర్నాడు పొద్దున బస్సుకు అందాలి. లేకుంటే ఆర్డరు వేరే ఊరికి పోతుంది. ఆ ఆర్డరు కోసం మగ్గం ఖాళీ పెట్టుకున్న నర్సయ్య మా గుమ్మంలోనే కూర్చున్నాడు.

ప్రోగ్రాము తెరుచుకోలేదు. తయారుచేసినవారు ఎవరో ధ్రువీకరణ కాలేదని తెర మీద హెచ్చరిక వచ్చింది. ప్రోగ్రాము రాసేవారు కంప్యూటర్ కంపెనీ దగ్గర నమోదై, తమ డిజిటల్ సంతకం పెడితే ఈ హెచ్చరిక రాదు. కోరుట్లలో ఇంట్లో కూర్చుని ఈ ప్రోగ్రాము రాసిన రఫీ ఇంకా నమోదు కాలేదు. అంతమాత్రాన అతని ప్రోగ్రాము చెడ్డదని కాదు, మంచిదని కూడా కాదు.

మా అధికారి రాజేశం సార్ తొందరపడ్డారు. "గా సెక్యూరిటీ మొత్తం బంద్ జెయ్యమ్మా. వాట్సాప్ గ్రూపుల అందరు గట్లనే నడుపుతున్నరు." మేం ఎక్కించిన ఫైలు కూడా మగ్గాలవాళ్ల గ్రూపులోంచి దించిందే.

"ఇన్నేండ్ల డిజైన్లన్ని ఈ కొత్త దాంట్లకే ఎక్కించినం సార్. ఒక్క ఫోన్ జేసి చూస్త," అన్నాను.

"నాకంటె ముందు సాలెపురుగే నేస్తదేమో నా మగ్గం మీద," అన్నాడు నర్సయ్య.

కేంద్రం దస్త్రంలో ఉన్న నంబరుకే రఫీకి ఫోన్ చేశాను. ప్రతి ఫైలుకూ వేలిముద్ర లాంటిది ఒకటుంటుంది: అక్షరాలు, అంకెలు కలిపి అరవై నాలుగు గుర్తుల వరుస. ఫైలులో చుక్కంత మారినా ఆ వరుస మారిపోతుంది. రఫీ తన దగ్గరి వరుస చదివాడు. మా ఫైలు వరుసతో మొదటి అక్షరమే కలవలేదు.

"గది నాది కాదక్కా! ఎవడో చెయ్యి పెట్టిండు," అన్నాడు రఫీ. అప్పటికప్పుడు అసలు ఫైలు పంపాడు.

మళ్లీ చదివాం. పారాయణలో నాన్న నేర్పిన పద్ధతే నాది: వేలు పెట్టి చదవాలి, తప్పితే మొదటికి రావాలి. నలభై దాటాక రఫీ ఒక అంకె మింగాడు.

"మల్ల మొదటికెల్లా అక్కా?"

"మొదటికెల్లే తమ్మీ."

ఈసారి అరవై నాలుగూ కలిశాయి. అప్పుడు సెట్టింగుల్లోని భద్రత పేజీ తెరిచి, ఆ ఒక్క ప్రోగ్రాముకే 'అయినా తెరువు' అని అనుమతిచ్చి, పాస్‌వర్డ్ కొట్టాను. మిగతా కాపలా ఎప్పటిలాగే ఉంది.

మధ్యాహ్నానికి అట్టలు తయారయ్యాయి. సాయంత్రానికి నర్సయ్య మగ్గం మీద నెమళ్ల అంచు మూరెడు దిగింది. పొద్దున బస్సుకు నమూనా వెళ్లింది; మూడో రోజు ఆర్డరు ఖాయమైంది. ఆ వారంలోనే గ్రూపు ఫైలు నడిపిన ఒకరి డిజైన్లన్నీ తెరవరాకుండా పోయాయని తెలిసింది. రాజేశం సార్ ఆ ఫైలును అందరి ముందూ తానే తుడిపేసి, రఫీ నంబరును గోడకు అంటించారు.

హెచ్చరిక వస్తే తయారుచేసినవారినే అడగాలి, వారి నోటి మాటతో ఫైలును సరిచూడాలి, ఆ ఒక్కదానికే అనుమతివ్వాలి. నేను దిగిపోయిన రోజున ఆ కంప్యూటర్‌లో అలా అనుమతి పొందిన ప్రోగ్రాము ఒక్కటే ఉంది, అది రఫీది.