అవునంటే ఏమవుతుందో ముందే చెప్పిన మనిషి

మంగళవారం ఉదయం సరస్వతి ఆంటీ ఫోను చేసి, "మీ అంకుల్ లేరమ్మా" అన్నారు. ఆసుపత్రి నుంచే మాట్లాడుతున్నారు. వెనక ఎవరో ట్రాలీ తోసుకుపోతున్న చప్పుడు వినిపిస్తోంది. మొన్న ఆదివారమే పురుషోత్తం గారు మా వంటింట్లో కూర్చుని నాచేత ఒక కాగితం చదివించారు. పోయింది గుండెపోటుతోనని తరువాత తెలిసింది.

ఆయన గురించి పెద్ద మాటలు రాయడం నాకు చేతకాదు. చేతనైనా తగదు. 'మహోన్నత వ్యక్తిత్వం' అని రాస్తే, "అంటే ఏందమ్మా? చేసిన పని చెప్పు" అనేవారు. అందుకని ఆయన చేసిన పనే చెబుతాను.

ఇక్కడ కార్క్ నగరం దగ్గర మందుల ఫ్యాక్టరీలో ఆయన ఉద్యోగం. మందుపెట్టెలో మడిచి పెట్టే కాగితం ఆయన చూడనిదే బయటికి పోయేది కాదు. ఆ మందు గురించి ఏమీ తెలియని మనిషికి ఆ కాగితం ఇచ్చి చదివించి, "ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి, ఒక మాత్ర మరచిపోతే ఏం చేయాలి?" అని అడగడం అక్కడి పద్ధతి. చదివినవాళ్లు చెప్పలేకపోతే తప్పు చదివినవాళ్లది కాదు, రాసినవాళ్లది. ఈ పద్ధతిని ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నారు. వాళ్ల వంటింటి అలమరలో ప్రతి డబ్బా మీదా చీటీ ఉంటుంది. ఒకదాని మీద 'కారం. గుంటూరుది. పిల్లలకు వద్దు' అని రాసి ఉంటుంది. "నా మీద కూడా ఒకటి అంటించబోతే చెయ్యి మీద ఒకటిచ్చాను" అని ఆంటీ నవ్వుతూ చెప్పేవారు.

మా తెలుగు సంఘంలో తీర్మానాలు ఎలా జరిగేవో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది. భోజనాలయ్యాక, పులిహోర పళ్లేలు ఇంకా చేతుల్లో ఉండగానే అధ్యక్షులు తీర్మానం పేరు చదివేవారు. అందరం చప్పట్లు కొట్టేవాళ్లం. పేరు వినడానికి బాగుంటే చప్పట్లు ఇంకాస్త గట్టిగా మోగేవి. 'సాంస్కృతిక కార్యక్రమాల పునర్వ్యవస్థీకరణ' అన్న తీర్మానం అలాగే గెలిచింది. ఆ తరువాతి శనివారం పిల్లల్ని తెలుగు తరగతికి తీసుకువెళితే హాలుకు తాళం ఉంది. సన్నగా వాన. "ఇట్స్ క్లోజ్డ్, లైక్" అన్నాడు ఇక్కడి యాసలో ఎవరి పిల్లవాడో, ఒకింత సంతోషంగానే. తరగతిని ఎత్తేయడానికి చప్పట్లు కొట్టింది మేమేనని అక్కడ, గొడుగుల కింద నిలబడి తెలుసుకున్నాం.

పురుషోత్తం గారు ఎవరినీ తిట్టలేదు. తరువాతి సమావేశంలో ఒక నియమం ప్రతిపాదించారు. ప్రతి తీర్మానానికీ కాగితం మీద ఓటు ఉండాలి. మారేదేమిటో శీర్షికలోనే తెలియాలి. కింద సారాంశంలో, అవునంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో రాయాలి. మంచి, చెడు అనే విశేషణాలు ఉండకూడదు.

"అంకుల్, మనదేమన్నా పార్లమెంటా?" అన్నారు శ్రీధర్ గారు. మా అధ్యక్షులు.

"కాదు నాయనా. ఇక్కడి పార్లమెంటయితే రెఫరెండం ఓటుకు ముందు, దేనికి వేస్తున్నామో చెప్పే పుస్తకం ఇంటింటికీ పంపుతారు. మనం ఒక్క కాగితం కూడా ఇవ్వమా?"

అందరూ నవ్వారు. ఆ నియమం మాత్రం చప్పట్లతోనే గెలిచింది. దాన్ని అమలు చేసే ఎన్నికల అధికారి పని ఆయన మీదే పడింది.

ఇక్కడి నుంచి రాయడం నాకు కష్టం. కానీ ఇది దాటిపోతే ఆయన గురించి నేను చెప్పగలిగింది ఏమీ మిగలదు.

సంఘం ఒక ఇల్లు అద్దెకు తీసుకుందని మీకు తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు కాళ్లు నిలదొక్కుకునేదాకా అందులో ఉంటారు. ఇప్పుడు అందులో ఉంటున్నది మేము. మేము కొత్తగా వచ్చినవాళ్లం కాదు. మా ఆయన కంపెనీ ఒక విభాగాన్ని మూసేసింది. అద్దెకు వెళదామంటే ప్రతి ఇంటివాళ్లూ ఉద్యోగం ఉన్నట్టు కాగితం అడుగుతున్నారు. కొత్త ఉద్యోగం దొరకకపోతే ఈ దేశంలో ఉండే అనుమతికే గడువు పడుతుంది. మా ఆయన కిల్కెన్నీ ఊరి దాకా ఇంటర్వ్యూలకు వెళ్లి వస్తున్నారు. పోస్టు వచ్చే వేళకు ఉత్తరం కోసం అందరం కిటికీ దగ్గర చేరతాం.

ఈలోగా సంఘం కమిటీ ఒక తీర్మానం పంపింది. పేరు 'సంఘ వనరుల హేతుబద్ధీకరణ'. పురుషోత్తం గారు దాన్ని ముందు ఆంటీకి ఇచ్చి చదవమన్నారట. "ఏదో సామాన్లు సర్దుకునేదిలా ఉంది" అన్నారట ఆంటీ. ఆయన శీర్షిక మార్చారు: 'సంఘం అద్దెకు తీసుకున్న ఇంటిని వదిలివేయడం'. కింద ఇలా రాశారు: 'అవునంటే, లీజు ముగిశాక సంఘానికి ఇల్లు ఉండదు. అందులో ఉంటున్నవారు అప్పటికి వేరే చోటు చూసుకోవాలి. కాదంటే, లీజు కొనసాగుతుంది. అద్దె కోసం సభ్యత్వ రుసుము పెరుగుతుంది.'

"ఉంటున్నవారి సంగతి ఎందుకు అంకుల్? అది చదివితే ఎవరు అవునంటారు?" అన్నారట శ్రీధర్ గారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయనకూ ఆఫీసులో పని రోజులు తగ్గించారు. సంఘం ఇంటి అద్దె కోసం ప్రతి నెలా నలుగురిని అడగాల్సి వస్తోంది.

"అది చదవకుండా అవునన్నవాడు దేనికి అన్నట్టు?" అన్నారట పురుషోత్తం గారు.

ఆ కాగితంతోనే ఆదివారం మా ఇంటికి వచ్చారు. చదవమన్నారు. చదివాను.

"ఇప్పుడు నీ మాటల్లో చెప్పమ్మా. అవునంటే ఏమవుద్ది?"

"మేం వెళ్లిపోవాలి అంకుల్."

హాల్లో బొమ్మలేసుకుంటున్న మా పాప తలెత్తి, "ఆర్ వీ మూవింగ్ అగైన్, మామ్?" అంది. ఆయన టీ కప్పు అందుకోబోయి ఆగిపోయారు.

నాకు కోపం వచ్చింది. "ఉద్యోగం పోయినవాళ్లు ఉంటున్నారని ఒక్క ముక్క రాయండి అంకుల్. పేరు వద్దు. ఆ ఒక్క ముక్క చాలు" అన్నాను.

"రాస్తే ఏమవుద్ది?"

"జనం ఆలోచిస్తారు."

"జాలిపడతారు. మరి అటుపక్క అద్దె డబ్బుల దిగులుతో సంఘం ట్రెజరర్‌కి నిద్ర పట్టట్లేదని కూడా రాయనా? అదీ నిజమేగా తల్లీ. జాలి నువ్వు అడుగు, నేను అడుగుతా, తప్పులేదు. ఓటు కాగితం మాత్రం జాలి అడక్కూడదు."

"పోనీ మీ ఓటన్నా మాకు వేస్తారుగా?"

"కాగితం రాసినోడు వెయ్యకూడదమ్మా."

మాకు ఖాయంగా పడుతుందనుకున్న ఓటు అదొక్కటే. ఆయన గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ చాలాసేపు లేవలేదు. లేస్తూ, "కిల్కెన్నీ నుంచి కబురొస్తే ముందు నాకు చెప్పు, ఎంత పొద్దుపోయినా సరే" అన్నారు. కబురు ఇంకా రాలేదు. వస్తే ముందు చెప్పడానికి ఆయన లేరు.

నిన్న శ్రీధర్ గారు ఫోను చేశారు. "అంకుల్ లేరు కదా, ఇంట్లో ఉంటున్నవారి గురించిన ఆ రెండో వాక్యం తీసేద్దామని కొందరంటున్నారమ్మా. నేను ఒప్పుకోలేదు. ఇల్లు వదిలేయాలనే నా ఓటు, అది నీకు చెప్పాలి. కానీ వాక్యం తీస్తే ఆంటీ ముఖం చూడలేను" అన్నారు. నేను ఆయనకు థాంక్స్ చెప్పాను.

ఇలాంటి మనిషి మళ్లీ మనకు దొరకడు. మనలో తెలివైనవాళ్లు ఉన్నారు, మంచివాళ్లు ఉన్నారు. తన మనసు ఎటు ఉందో తెలిసి కూడా, తన చేతిని అటు పోనివ్వని మనిషిని నేను ఆయన ఒక్కరినే చూశాను.

ఈ వ్యాసాన్ని ఆదివారంలోపు పంపితే ఓటింగ్‌కు ముందే అందరికీ చేరుస్తానని మన సంఘం పత్రిక చూసే అమ్మాయి అంది. వద్దన్నాను. ఓట్లు లెక్కించాకే పంచమని ఆమెచేత మాట తీసుకున్నాను. ముందే పంచితే ఇది సంస్మరణ కాదు, ప్రచారం. ఆయన పేరుతో నేను ఆ పని చేయలేను. చేయాలని మాత్రం ఈ నాలుగు రోజులుగా చాలాసార్లు అనిపించింది.

కాబట్టి మీరిది చదివేనాటికి మేము ఆ ఇంట్లో ఉంటామో లేదో మీకు తెలిసే ఉంటుంది. రాస్తున్న నాకు ఇంకా తెలియదు. ఎటు వేసినా, దేనికి వేస్తున్నారో మీకు తెలిసే వేశారు. అది ఆయన పుణ్యం. ఆయనకు నా నమస్కారం.