వక్రరేఖ మీద లేని బిందువు

బయటి నుంచి వచ్చిన తాళపుచెవిని మీ ప్రోగ్రాము ఎందుకు నమ్ముతోందని ఎప్పుడైనా అడిగారా? ఆ రోజుల్లో నేనూ అడగలేదు. ఆదివారాలు మేడ్చల్‌లో తాయెత్తులు కట్టే బాబాలను "రుజువు చూపించు" అని నిలదీసేవాణ్ని (ఒకాయన నాకే తాయెత్తు కట్టబోయాడు). మిగతా ఆరు రోజులూ సుచిత్ర చౌరస్తా దగ్గరి ఒక చిన్న కంపెనీలో ఎలక్ట్రానిక్ తాళాలకు ప్రోగ్రాములు రాసేవాణ్ని.

మా తాళం ఒకటి జీడిమెట్లలో రసాయనాల గోదాముకు బిగించాం. కాపలాదారు కార్డు తన పబ్లిక్ కీని, అంటే రెండు పెద్ద సంఖ్యలను, తాళానికి పంపుతుంది. ఆ సంఖ్యలు చూపే బిందువు మేం ఎంచుకున్న ఎలిప్టిక్ వక్రరేఖ (ఒక సమీకరణం గీసే వంపుగీత) మీద ఉందో లేదో తాళం ముందే సరిచూసుకోవాలి. అక్కడి కాపలాదారును అందరూ మీసాల తాత అనేవారు. "ఏంది బిడ్డా, గీ తలుపు తెరుసుకునేలోపు చాయ్ సల్లారుతాంది" అన్నాడొకరోజు. నిజానికి బిందువును సరిచూడటానికి రెప్పపాటు చాలు. మేం వాడిన రెడీమేడ్ కోడ్ లైబ్రరీలో అదే తనిఖీకి అంటుకుని ఉన్న మరో పొడవాటి గుణకారం సమయం తింటోంది. విడదీసి చూసే ఓపిక లేక మొత్తం తనిఖీనే తీసేశాను (కార్డులు మనవే కదా!). "మస్తు జల్దీ తెరుసుకుంటాంది!" అని తాత వీపు తట్టాడు. వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

రెండు నెలలకు గోదాములో సరుకు పోయింది. తాళం రికార్డులో తాత పేరే ఉంది. గోదాము వాళ్ళు ఆయన్ను గేటు దగ్గర నిలబెట్టి తిట్టి, పోలీసు కేసు పెట్టి, ఉద్యోగం పీకేశారు. తాత మా ఆఫీసుకు వచ్చాడు. "నేను తియ్యలే బిడ్డా. గా తాళం నువ్వే జేసినవు గదా, నువ్వే జెప్పు."

"తాళం అబద్ధం చెప్పదు తాతా" అన్నాను. అవును, బాబాలను రుజువు అడిగిన నోటితోనే.

ఆయన వెళ్ళాక మనసు ఊరుకోలేదు. ఆఫీసులో ఉన్న ఆ తాళపు నకలుకు, వక్రరేఖ మీద లేని దొంగ బిందువులను నేనే పంపి చూశాను. కార్డులను గుర్తుపట్టడానికి తాళం తనలో దాచుకునే రహస్య సంఖ్యలో ఒక్కో తునకను ఒక్కో జవాబులో బయటపెట్టింది. సాయంత్రానికి రహస్యమంతా నా చేతిలో ఉంది. తాత కార్డు లేకుండానే తాత పేరుతో తాళం తీశాను.

"మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందయ్యా?" అన్నాడు మా యజమాని. నేను జీడిమెట్ల వెళ్ళి అందరి ముందూ అలాగే తాళం తీసి చూపించి, తప్పు నాదని రాసిచ్చాను. కేసు ఎత్తేశారు. తాతకు ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు. శామీర్‌పేటలో తాత ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పాను. ఆయన నా ముఖం చూడలేదు.

"నేను తియ్యలేదని నా పిల్లలు ముందే నమ్మిండ్రు. గల్లీ నమ్మలే. ఇగ నువ్వొచ్చి ఏం జేస్తవు?"

నాలోని అప్పటి ఆ హేతువాదిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. మీరు ఇది చదవడం ఆపి, మీ ప్రోగ్రాములో బయటి పబ్లిక్ కీ లోపలికొచ్చే చోటు వెతకండి. తనిఖీ లేకపోతే ఇవాళే రాయండి. ఉందంటారా, ఒక తప్పుడు బిందువును పంపి, ప్రోగ్రాము దాన్ని వెనక్కి కొడుతుందో లేదో మీ కళ్ళతో చూడండి.